న్యూరోఫీడ్‌బ్యాక్ శిక్షణ: మొదలుపెట్టే ముందు నుంచి మానేసే రోజు వరకు

న్యూరోఫీడ్‌బ్యాక్ అంటే మెదడు పనిచేస్తున్నప్పుడు పుట్టే సన్నని విద్యుత్ సంకేతాలను తలపై అంటించిన ఎలక్ట్రోడ్లతో చదివి, వాటిలో ఒకటి రెండింటిని స్క్రీను మీద కదిలే బొమ్మగానో చెవికి వినిపించే శబ్దంగానో అప్పటికప్పుడు మీకే చూపించి, వాటిని కావలసిన వైపు మళ్ళించుకోవడం అలవాటు చేసే శిక్షణ. ఎలక్ట్రోడ్లు సంకేతాన్ని పట్టుకుంటాయే తప్ప మెదడులోకి కరెంటు పంపవు. వైర్లు చూసి జంకే వాళ్ళు చాలామంది ఉంటారు కాబట్టి ఈ సంగతి ముందే చెబుతున్నాను. ఏకాగ్రత నిలవని పిల్లలు, పెద్దలు, చిన్న మాటకే ఆవేశం కట్టలు తెంచుకునే వాళ్ళు, ఒకసారి కలత చెందితే గంటల తరబడి తేరుకోలేని వాళ్ళు దీని వైపు చూస్తుంటారు. ఆ ఆలోచనలో ఉన్నవారికి ఎక్కడ మొదలుపెట్టాలో, గదిలో కూర్చున్నాక ఏం గమనించాలో, ఎప్పుడు చాలించాలో వరుసగా చెప్పడానికి ఈ వ్యాసం.

ముందుగా ఒక చేదు నిజం. ఈ శిక్షణ ఏడీహెచ్‌డీని, అంటే ఏకాగ్రత నిలవకపోవడం, కుదురు లేకపోవడం ముఖ్య లక్షణాలైన సమస్యను, నయం చేస్తుందని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి. 2021లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో 7 నుంచి 10 ఏళ్ళ మధ్య వయసున్న 144 మంది పిల్లలను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు అసలు శిక్షణను, రెండో గుంపుకు అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి శిక్షణను 38 సెషన్ల చొప్పున ఇచ్చారు. ఎవరికి ఏది అందుతోందో పిల్లలకూ తెలియదు, తల్లిదండ్రులకూ తెలియదు. రెండు గుంపులూ మెరుగుపడ్డాయి గాని, రెండింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 13 నెలల తర్వాత చూసినా అదే ఫలితం. పెద్దల్లో జరిగిన పరీక్షల్లోనూ, ఉత్తుత్తి శిక్షణతో పోల్చి చూసినప్పుడు, దాదాపు ఇదే తీరు కనబడింది.

ఇంత తెలిసీ దీని గురించి ఎందుకు రాస్తున్నానంటే, ఆ ఫలితాన్ని నేను రెండు విధాలుగా అర్థం చేసుకుంటాను. మెదడు విద్యుత్ సంకేతాల్లో ఫలానా తరంగాన్ని పెంచడమే మందు అన్న వాదనకు అది గట్టి దెబ్బ. అదే సమయంలో, క్రమం తప్పకుండా వచ్చి కూర్చోవడం, తన మనసు ఎప్పుడు జారిపోయిందో గుర్తించడం, జారినదాన్ని కసురుకోకుండా వెనక్కి తెచ్చుకోవడం, దానికి ఒక పెద్దమనిషి ఓపికగా తోడుండడం వంటివి రెండు గుంపులకూ సమానంగానే అందాయి. ఉపయోగం ఉంటే అది చాలావరకు ఈ సాధనలోనే ఉందన్నది నా అభిప్రాయం. కాబట్టి దీన్ని వైద్యానికీ, కౌన్సెలింగుకూ, మంచి నిద్రకూ తోడుగా మాత్రమే చేపట్టండి. అది కూడా ఫలించకపోతే ఫలించలేదని మీకు స్పష్టంగా తెలిసిపోయే పద్ధతిలో చేపట్టండి. కింద చెప్పిన మెట్లన్నీ ఆ ఉద్దేశంతో పేర్చినవే.

మొదటి మెట్టు: ఏది మారాలో కొలవగలిగే మాటల్లో రాసుకోండి

"కోపం తగ్గాలి", "శ్రద్ధ పెరగాలి" అనే కోరికలు సహజమైనవే గాని, రెండు నెలల తర్వాత అవి తీరాయో లేదో తేల్చడానికి పనికిరావు. ఎదుటివాళ్ళు చూసి లెక్కపెట్టగలిగే రూపంలోకి వాటిని మార్చుకోవాలి. పిల్లవాడు హోంవర్కుకు కూర్చున్న ఇరవై నిమిషాల్లో ఎన్నిసార్లు లేచాడు? మొదలుపెట్టమని ఎన్నిసార్లు గుర్తు చేయవలసి వచ్చింది? పెద్దవారైతే, ఒక పని చేస్తూ మధ్యలో ఫోను ఎన్నిసార్లు చేతిలోకి తీసుకున్నారు?

ఆవేశాల విషయంలో నేను అన్నిటికన్నా నమ్మే కొలత ఒకటుంది. ఎన్నిసార్లు కోపం వచ్చింది అన్నదాని కంటే, వచ్చిన కోపం చల్లారి మనిషి మళ్ళీ మామూలుగా మాట్లాడడానికి ఎన్ని నిమిషాలు పట్టింది అన్నది చూడండి. కోపానికి కారణాలు బయటి నుంచి వస్తాయి, అవి మన చేతిలో ఉండవు. ఒక వారం ఇంట్లో అన్నీ సవ్యంగా జరిగితే కోపం రాదు, అది శిక్షణ గొప్పతనం కాదు. తేరుకునే వేగం మాత్రం మన లోపలిది. భావోద్వేగాలను అదుపు చేసుకోవడమంటే వాటిని అణచిపెట్టడం అని చాలామంది పొరబడతారు. పైకి లేచిన అలను దిగనివ్వడం తెలియడమే ఇక్కడ కావలసినది.

ఇలాంటివి రెండు, మహా అయితే మూడు చాలు. పది అంశాలు రాసుకుంటే పదో రోజుకు డైరీ మూతపడుతుంది.

రెండో మెట్టు: ముందు డాక్టరును కలవండి

ఏకాగ్రత లేకపోవడానికి నిద్రలేమి, గురకతో నిద్ర చెదరడం, థైరాయిడ్ లోపం, రక్తహీనత, వినికిడి లేదా చూపు లోపం, దిగులు, ఆందోళన వంటి ఎన్నో కారణాలు ఉండవచ్చు. గురక వల్ల రాత్రంతా నిద్ర చెదిరే పిల్లవాడికి నలభై సెషన్ల న్యూరోఫీడ్‌బ్యాక్ ఇప్పించడం చిల్లి కుండలో నీళ్ళు పోయడమే. మూర్ఛ ఉన్నవారు, తలకు పెద్ద దెబ్బ తగిలినవారు న్యూరాలజిస్టుకు చెప్పకుండా మొదలుపెట్టకూడదు. బతకాలనిపించడం లేదన్న ఆలోచనలు వస్తున్నా, ఉన్మాదం వంటి లక్షణాలు కనిపిస్తున్నా, ముందు తక్షణ వైద్యం అందాలి. ఈ శిక్షణ తర్వాతి మాట.

వాడుతున్న మందులను సొంతంగా ఆపవద్దు, తగ్గించవద్దు. ఏ మందు వాడుతున్నారో శిక్షకుడికి తప్పకుండా చెప్పండి. ఆందోళనకు ఇచ్చే బెంజోడయాజిపైన్ రకం మందులు ఈఈజీలో, అంటే తలపై ఎలక్ట్రోడ్లతో తీసే మెదడు సంకేతాల నమోదులో, బీటా అనే వేగమైన తరంగాలను పెంచుతాయి. ఆ సంగతి తెలియని శిక్షకుడు ఆ పెరుగుదలను మీ స్వభావం అనుకునే ప్రమాదం ఉంది.

మూడో మెట్టు: రెండు వారాలు ఏమీ చేయకుండా డైరీ రాయండి

అందరూ దాటవేసే మెట్టు ఇదే. శిక్షణ మొదలుకాక ముందే, మీరు ఎంచుకున్న రెండు మూడు కొలతలను రోజూ రాత్రి ఒకే సమయానికి రాసిపెట్టండి. వాటి పక్కన నిద్రపోయిన గంటలు, కాఫీ టీలు ఎన్నిసార్లు తాగారు, ఆ రోజు ప్రత్యేకంగా ఏదైనా జరిగిందా అన్నవి ఒక్క ముక్కలో చేర్చండి. మనం సాధారణంగా పరిస్థితి మరీ దిగజారిన రోజుల్లోనే సాయం వెతుక్కుంటాం, ఆ తర్వాత ఏమీ చేయకపోయినా కొంత మెరుగుపడడం ప్రకృతి సహజం. ముందు రెండు వారాల లెక్క చేతిలో లేకపోతే ఆ సహజమైన తేరుకోవడం కూడా శిక్షణ ఖాతాలోకే పోతుంది. వీలైతే శిక్షణ సంగతి తెలియని వ్యక్తి ఒకరి చేత, ఉదాహరణకు తరగతి టీచరు చేత, నెలకొకసారి ప్రశ్నావళి నింపించండి. డబ్బూ సమయమూ ఖర్చు పెడుతున్న మన కళ్ళకు మార్పు త్వరగా కనిపిస్తుంది. ఆ ఖర్చుతో సంబంధం లేని కళ్ళు ఇంకొకటి ఉండడం అవసరం.

నాలుగో మెట్టు: శిక్షకుణ్ణి ఎంచుకోండి

శిక్షకుడికి మానసిక వైద్యంలోనో, క్లినికల్ సైకాలజీలోనో, దానికి దగ్గరి రంగంలోనో అర్హత ఉండాలి. ఆపైన ఈ శిక్షణలో ప్రత్యేక తర్ఫీదు ఉండాలి. బయోఫీడ్‌బ్యాక్ సర్టిఫికేషన్ ఇంటర్నేషనల్ అలయన్స్ అనే సంస్థ ఇచ్చే ధ్రువీకరణను ఈ రంగంలో గుర్తిస్తారు. అయితే కాగితం కన్నా జవాబులు ఎక్కువ చెబుతాయి. నా తల మీద ఎక్కడ, ఏ తరంగాన్ని, ఎందుకు శిక్షిస్తారు? నాకు ఫలితం రావడం లేదని ఎన్నో సెషనుకు తేలుస్తారు? సెషను జరుగుతున్నప్పుడు బొమ్మతో పాటు, బొమ్మగా మార్చక ముందటి ముడి తరంగాన్ని కూడా మీరు చూస్తూ ఉంటారా? ఈ మూడు ప్రశ్నలకు తడుముకోకుండా, మీకు అర్థమయ్యేలా చెప్పగలిగితే సగం నమ్మవచ్చు.

మొదటి రోజే నలభై సెషన్ల డబ్బు ఒకేసారి కట్టమనడం, ఆటిజం నుంచి మైగ్రేన్ దాకా అన్నిటికీ ఇదే మందు అనడం, మీ డాక్టరు రాసిన మందులు మానేయమనడం వంటివి వింటే లేచి వచ్చేయండి. రంగురంగుల "బ్రెయిన్ మ్యాప్" ఒకటి చూపించి, ఈ ఎర్రటి మచ్చే మీ అబ్బాయి ఏడీహెచ్‌డీ అని చెప్పేవారి దగ్గరా జాగ్రత్తగా ఉండండి. అమెరికాలో మందులకూ వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2013లో, థీటా, బీటా అనే రెండు రకాల మెదడు తరంగాల నిష్పత్తిని కొలిచే ఒక పరికరాన్ని ఏడీహెచ్‌డీ నిర్ధారణలో డాక్టరు పరీక్షకు తోడుగా వాడుకోవడానికి అనుమతించింది గాని, ఆ నిష్పత్తి ఆధారంగా నిర్ధారణ చేయడం తగదని అక్కడి న్యూరాలజిస్టుల అకాడమీ 2016లో చెప్పింది. ఏడీహెచ్‌డీ ఉన్న చాలామందిలో ఆ నిష్పత్తి మామూలుగానే ఉంటుంది. మ్యాపు శిక్షకుడికి ఒక దారి చూపవచ్చు, రోగనిర్ధారణ మాత్రం డాక్టరు పనే.

అయిదో మెట్టు: ఏ పద్ధతిలో శిక్షణో అర్థం చేసుకోండి

మెదడు తరంగాలను సెకనుకు ఎన్నిసార్లు ఊగుతాయన్న లెక్కన విడదీస్తారు. సెకనుకు 4 నుంచి 8 సార్లు ఊగేది థీటా, 8 నుంచి 12 వరకు ఆల్ఫా, ఆ పైన సుమారు 30 దాకా బీటా. వీటి ఎత్తు మైక్రోవోల్టుల్లో ఉంటుంది. మైక్రోవోల్టు అంటే వోల్టులో పది లక్షలో వంతు. హాన్స్ బెర్గర్ అనే జర్మన్ వైద్యుడు 1924లో మనిషి మెదడు తరంగాలను తొలిసారి నమోదు చేసి 1929లో ప్రకటించాడు. తనలోని ఆల్ఫా తరంగాన్ని మనిషి గుర్తుపట్టగలడా అన్న ప్రశ్నకు జవాబు షికాగోలో జో కామియా అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన ప్రయోగాల్లో దొరికింది. గంట మోగినప్పుడు తన మెదడులో ఆల్ఫా ఉందో లేదో చెప్పమని అడిగి, వెంటనే తప్పో ఒప్పో చెబుతూ పోతే, మొదట ఊహించి చెప్పినవాళ్ళు రానురాను సరిగ్గా చెప్పడం నేర్చుకున్నారు.

ఏకాగ్రతకు ఎక్కువగా వాడే పద్ధతులు మూడు. మొదటిది ఎస్ఎంఆర్ (సెన్సరీమోటార్ రిథమ్) శిక్షణ, అంటే నడినెత్తి ప్రాంతంలో, సెకనుకు 12 నుంచి 15 సార్లు ఊగే తరంగాన్ని పెంచడం. దీని కథ పిల్లులతో మొదలైంది. 1960లలో లాస్ ఏంజిలిస్‌లో బ్యారీ స్టెర్మన్ అనే శాస్త్రవేత్త, ఈ తరంగం కనిపించిన ప్రతిసారీ పిల్లికి ఆహారం అందించి దాన్ని పెంచడం నేర్పాడు. ఆ తర్వాత ఒక రాకెట్ ఇంధనం వల్ల వచ్చే మూర్ఛల మీద పరీక్షలో, అలా నేర్చుకున్న పిల్లులకు మూర్ఛ ఆలస్యంగా వచ్చిందని గమనించాడు. 1976లో జోయెల్ లూబార్ బృందం దాన్ని కుదురు లేని పిల్లలకు అన్వయించింది. ఈ తరంగం పెరిగే స్థితి ఎలా ఉంటుందో తెలియాలంటే ఎలుక కన్నం ముందు కాచుకుని కూర్చున్న పిల్లిని తలచుకోండి: ఒళ్ళు కదలదు, చూపు మాత్రం మెలకువగా ఉంటుంది.

రెండోది థీటాను తగ్గించి బీటాను పెంచడం. మూడోది నెమ్మదైన కార్టికల్ పొటెన్షియల్స్ శిక్షణ, అంటే మెదడు పై పొరలో నెమ్మదిగా మారే వోల్టేజీ మీద శిక్షణ. జర్మనీలోని ట్యూబింగెన్‌లో నీల్స్ బిర్‌బౌమర్ బృందం మూర్ఛ రోగులతో పెంపొందించిన ఈ పద్ధతిలో కొన్ని సెకన్ల చిన్న చిన్న ప్రయత్నాలుగా మెదడు వోల్టేజీని ఒకసారి ఇటు, ఒకసారి అటు మళ్ళించడం సాధన చేస్తారు. మీకు ఏది ఎంచుకున్నారో, ఎందుకో అడిగి తెలుసుకోండి.

ఆవేశాల విషయంలో ఇక్కడ ఒక పరిమితి ఉంది. భయానికీ ఉద్వేగానికీ కీలకమైన అమిగ్డాలా మెదడు లోతుల్లో ఉంటుంది. తలపై పెట్టిన ఎలక్ట్రోడ్లు ముఖ్యంగా పై పొర నుంచి వచ్చే సంకేతాలనే పట్టుకుంటాయి. అమిగ్డాలాను నేరుగా చూపించే శిక్షణ ఎఫ్ఎంఆర్ఐ అనే మెదడు స్కానింగ్ యంత్రం లోపల పడుకోబెట్టి, దిగులు రోగుల మీద పరిశోధనల్లో చేశారు; బయటి క్లినిక్కులో దొరికేది అది కాదు. కాబట్టి "మీ అమిగ్డాలాను శాంతపరుస్తున్నాం" అని ఈఈజీ పరికరం ముందు ఎవరైనా అంటే అది పొడిగించిన మాట. ఈఈజీ శిక్షణతో సాధారణంగా పట్టుకునేది మొత్తం మీద ఒంటి ఉద్రేక స్థాయిని, మెలకువ తీరును. దీర్ఘకాలిక పీటీఎస్‌డీ (ఘోరమైన అనుభవం తర్వాత మనసును వదలని కలత) ఉన్న 52 మందితో 2016లో వెలువడిన ఒక అధ్యయనంలో 24 సెషన్ల తర్వాత లక్షణాలు తగ్గాయి, భావోద్వేగ నియంత్రణ మెరుగుపడింది; అయితే అక్కడ పోల్చింది శిక్షణ కోసం ఎదురుచూస్తున్న వారితోనే గాని ఉత్తుత్తి శిక్షణతో కాదు. ఆశ పెట్టుకోవచ్చు, కానీ ఆ తేడా గుర్తుంచుకోవాలి.

ఆరో మెట్టు: తొలి సెషనులో మీరే రెండు పరీక్షలు చేయండి

తలస్నానం చేసి, నూనెగాని కండిషనరుగాని లేకుండా పొడి జుట్టుతో వెళ్ళండి. ఆ రోజు కాఫీ అలవాటు ఎప్పటిలాగే ఉండనివ్వండి, ఎక్కువా వద్దు తక్కువా వద్దు. ప్రతి సెషనుకూ ఒకే తీరు ఉండడం ముఖ్యం. శిక్షకుడు టేపుతో కొలుస్తాడు: ముక్కు మొదలు దగ్గరి పల్లం నుంచి తల వెనుక ఎముక బుడిపె దాకా, మళ్ళీ ఒక చెవి ముందరి పల్లం నుంచి రెండో చెవి ముందరి పల్లం దాకా. రెండు కొలతల సగం సగం కలిసే చోటు నడినెత్తి. దాన్ని సీజెడ్ అంటారు. ఈ దూరాలను పది, ఇరవై శాతాలుగా పంచుతారు కాబట్టే దీనికి 10-20 పద్ధతి అని పేరు. టేపు లేకుండా కంటి అంచనాతో అంటించే శిక్షకుడైతే, రేపు మళ్ళీ అదే చోట అంటిస్తాడన్న భరోసా ఉండదు.

చర్మాన్ని గరుకు జెల్‌తో కాస్త రుద్ది, పేస్టుతో ఎలక్ట్రోడ్ అంటించి, చెవి తమ్మెకు మరొకటి పెట్టాక, చర్మానికీ ఎలక్ట్రోడ్‌కూ మధ్య విద్యుత్ అవరోధం ఎంతుందో కొలవాలి. అది 5 కిలో ఓముల లోపు ఉండడం పాతకాలం నుంచి ఉన్న మంచి ప్రమాణం. కొత్త పరికరాలు ఇంకొంచెం ఎక్కువనూ తట్టుకుంటాయి. ఈ అంకె చూపించమని అడగండి, ఇది మీ హక్కు.

ఇప్పుడు ముడి తరంగం కనిపించే స్క్రీను వైపు చూస్తూ పళ్ళు గట్టిగా బిగించండి. సన్నగా సాగుతున్న గీత ఒక్కసారిగా నల్లని చీపురుకట్టలా దట్టమవుతుంది, బీటా ఎంతుందో చూపే బద్దె అమాంతం పైకి లేస్తుంది. మెదడు చేసిన ఘనత కాదది, దవడ కండరాల కరెంటు. కళ్ళు రెండుసార్లు టపటపలాడించండి. ముఖ్యంగా నుదుటి దగ్గరి ఎలక్ట్రోడ్ గీతలో పెద్ద గుట్టలు లేస్తాయి, అవి నెమ్మది తరంగాల లెక్కలో చేరి థీటాను ఉబ్బిస్తాయి. ఇలాంటి కల్తీ సంకేతాలు వచ్చినప్పుడు బహుమతి, అంటే బొమ్మ కదలడమో పాయింట్లు రావడమో, ఆగిపోయేలా పరికరంలో అమరిక ఉండాలి. పళ్ళు బిగించినప్పుడు ఆటలో మీకు పాయింట్లు వచ్చాయంటే, ఆ పరికరం పిల్లవాడికి నెలల తరబడి పళ్ళు కొరకడం నేర్పబోతోందని అర్థం.

రెండో పరీక్ష దీనికి తలకిందులు. తల వెనుక భాగంలో ఎలక్ట్రోడ్ పెట్టించి, కళ్ళు తెరిచి అర నిమిషం, మూసుకుని అర నిమిషం కూర్చోండి. చాలామందిలో కళ్ళు మూసిన కొద్ది క్షణాలకే సెకనుకు సుమారు 10 సార్లు ఊగే నున్నని అలలు వస్తాయి, తెరవగానే చెదిరిపోతాయి. బెర్గర్ చూసింది ఈ ఆల్ఫానే. ఇది కనిపిస్తే యంత్రం నిజంగా మెదడును వింటోందని మీకు నమ్మకం కుదురుతుంది. ఎవరో కొందరిలో ఆల్ఫా సహజంగానే తక్కువ కాబట్టి కనిపించనంత మాత్రాన కంగారు పడనక్కరలేదు.

ఇంట్లో సొంతంగా పెట్టుకునే హెడ్‌బ్యాండ్లకూ ఈ రెండు పరీక్షలే పెట్టండి. వాటిలో చాలావాటికి సెన్సార్లు నుదుటి మీద ఉంటాయి, నుదురే కళ్ళూ కండరాలూ ఎక్కువ గోల చేసే చోటు. ధ్యానానికి ఒక తోడుగా అవి పనికిరావచ్చు గాని, శిక్షకుడికి బదులు కావు.

ఏడో మెట్టు: కుర్చీలో కూర్చున్నాక

సెషను మొత్తం ముప్పావు గంట ఉన్నా, అసలు సాధన ఇరవై, ముప్పై నిమిషాలే, అదీ మూడు నాలుగు నిమిషాల ముక్కలుగా. వారానికి రెండు మూడుసార్లు, మొత్తం మీద 20 నుంచి 40 సెషన్లు అన్నది వాడుకలో ఉన్న లెక్క.

"నేనేం చేయాలి?" అని మొదటి రోజు అందరూ అడుగుతారు, దానికి మాటల్లో జవాబు ఉండదు. స్క్రీను మీది బొమ్మ ఒక పడవ అనుకుందాం; అది కదులుతున్నప్పుడు లోపల ఏమవుతోందో పట్టించుకోండి, ఆగినప్పుడు ఏమయిందో పట్టించుకోండి. కావాలని బలంగా నెట్టబోతే పడవ ఆగిపోవడం మామూలే, ఎందుకంటే బలం పెట్టినప్పుడు నుదురూ భుజాలూ బిగుసుకుంటాయి. బలవంతంగా నిద్ర తెచ్చుకోబోతే ఉన్న నిద్ర కూడా దూరమైనట్టే ఇదీను. భుజాలు వదిలేసి, నాలుకను కింది పళ్ళ వెనక ఆనించి, ఊపిరిని నెమ్మదిగా బయటికి వదులుతూ, చూపును మాత్రం మెలకువగా ఉంచి చూడండి. ప్రతి ముక్క అయ్యాక, పడవ బాగా నడిచినప్పుడు మనసులో ఏముందో ఒక్క వాక్యంలో రాయండి: "చెరువు నీళ్ళు తలచుకున్నాను", "ఏమీ తలచుకోలేదు, శబ్దం విన్నాను". పది సెషన్లకు మీకు పనిచేసే తాళంచెవి ఆ వాక్యాల్లోంచి బయటపడుతుంది. అది ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది, పక్కవాళ్ళది అరువు తెచ్చుకుంటే పనిచేయదు.

శిక్షకుణ్ణి ఒకటి అడగండి: తరంగం ఎంత దాటితే బహుమతి అని పెట్టిన హద్దు దానంతట అదే మారుతోందా, చేత్తో మారుస్తున్నారా? కొన్ని పరికరాలు మీరు ఎలా చేసినా ఎప్పుడూ 70 శాతం బహుమతి అందేలా హద్దును నిమిష నిమిషానికీ దించుతూ ఎక్కిస్తూ ఉంటాయి. అప్పుడు మీ స్కోరు రోజూ బాగానే ఉంటుంది, కానీ నేర్చుకున్నారో లేదో ఆ స్కోరు చెప్పలేదు. హద్దును ఒక చోట నిలిపి, అది సులువైపోయాక కొంచెం పెంచడమే చదువు నేర్పే పద్ధతి. పిల్లల విషయంలో మరో మాట. స్కోరు తక్కువ వచ్చిన రోజు ఇంటికి వెళ్ళే దారిలో దాని గురించి ఎత్తకండి. పరీక్ష మార్కుల జాబితాలో ఇంకో సబ్జెక్టు చేరిందనిపిస్తే ఆ కుర్చీ మీదే వాడికి విరక్తి పుడుతుంది.

సెషను తర్వాత తలనొప్పి, అలసట, చిరాకు, ఆ రాత్రి నిద్ర పట్టకపోవడం కొందరిలో కనిపిస్తాయి. సాధారణంగా అవి తేలికైనవి, త్వరగా పోతాయి. అయినా డైరీలో రాసి శిక్షకుడికి చూపించండి; రెండు మూడు సెషన్లు వరుసగా అలాగే ఉంటే పద్ధతి మార్చాలి. కొత్తగా మూర్ఛ, స్పృహ తప్పడం, తీవ్రమైన మూడ్ మార్పు కనిపిస్తే శిక్షణ ఆపి డాక్టరు దగ్గరకు వెళ్ళాలి.

ఎనిమిదో మెట్టు: నేర్చుకున్నదాన్ని గది దాటించండి

స్క్రీను ముందు ఎంత బాగా కుదిరినా, తరగతి గదిలోనో ఆఫీసులోనో ఇంట్లో గొడవ మధ్యలోనో స్క్రీను ఉండదు. అందుకే కొన్ని సెషన్ల తర్వాత, బొమ్మా శబ్దమూ ఆపేసి, లోపలి గుర్తుతోనే ఆ స్థితిని తెచ్చుకునే ప్రయత్నాలు చేయించాలి. చివర్లో మాత్రమే ఎలా చేశారో చూపాలి. నెమ్మదైన కార్టికల్ పొటెన్షియల్స్ శిక్షణలో ఇది మొదటి నుంచీ భాగంగా ఉంది. మీ శిక్షణలో ఇది లేకపోతే అడిగి చేర్పించుకోండి.

ఇంటి దగ్గర దీనికి చిన్న కార్డు ఒకటి చాలు. శిక్షణ స్క్రీను బొమ్మను పోస్టుకార్డు సైజులో ముద్రించి, పిల్లవాడి డెస్కు మీదో మీ కంప్యూటరు అంచునో అంటించండి. పని మొదలుపెట్టే ముందు ముప్పై సెకన్లు దాన్ని చూస్తూ, పడవ నడిచిన రోజున ఒళ్ళు ఎలా ఉందో గుర్తు చేసుకుని, ఆ తర్వాత పని మొదలుపెట్టండి. మొదట చదువు వంటి ప్రశాంతమైన పనుల ముందు, కుదిరాక కాస్త చికాకు పెట్టే పనుల ముందు, చివరికి ఆవేశం పుట్టే సందర్భాల్లో, ఈ వరుసలోనే వెళ్ళండి. గొంతు పెరిగిపోయాక కార్డు చూపించి "ఇప్పుడు చెయ్యి" అంటే అది నిప్పులో నెయ్యి పోయడమే. కోపం ఒంట్లో ఎక్కడ మొదలవుతుందో, కొందరికి చెవులు వేడెక్కుతాయి, కొందరికి పిడికిలి బిగుస్తుంది, ఆ తొలి గుర్తును పట్టుకుని, అప్పుడే ఆ స్థితిని పిలవడం సాధన చేయాలి. ఆ క్షణం దాటితే ఏ నేర్పూ అందదు. అక్కడి నుంచి తప్పుకోవడమే తెలివి.

దీనికి జతగా నిమిషానికి సుమారు ఆరుసార్లు, నెమ్మదిగా ఊపిరి తీసి వదిలే సాధనను రోజూ పది నిమిషాలు చేయండి. గుండె వేగం ఊపిరితో పాటు లేచి పడడాన్ని ఇది పెంచుతుంది. హార్ట్ రేట్ వేరియబిలిటీ బయోఫీడ్‌బ్యాక్‌లో వాడేది ఈ లయనే. తల తిరిగితే లోతు తగ్గించండి. చవకలో, ఎక్కడైనా చేయగలిగే పని ఇదొక్కటే కాబట్టి, న్యూరోఫీడ్‌బ్యాక్ ఖర్చు భరించలేని వారికి ముందు దీన్నే చెబుతాను.

తొమ్మిదో మెట్టు: పదో సెషనుకు, ఇరవయ్యో సెషనుకు లెక్క చూడండి

పది సెషన్లయ్యాక శిక్షకుడితో కూర్చుని రెండు కాగితాలు పక్కపక్కన పెట్టండి: ఒకటి తరంగాల గ్రాఫు, రెండోది మీ డైరీ. తరంగం మారింది, ఇంట్లో ఏమీ మారలేదు అయితే, గది దాటించే సాధన మీద ఎక్కువ సమయం పెట్టండి. ఇంట్లో మారింది, తరంగం మారలేదు అయితే సంతోషించండి, కానీ ఆ మార్పు వేరే దేనివల్లనో వచ్చి ఉండవచ్చు. అది ఇంకా తక్కువ ఖర్చుతో దొరుకుతుందేమో చూడండి. రెండూ మారకపోతే పద్ధతినో, ఎలక్ట్రోడ్ చోటునో ఒకసారి మార్చి చూడడం న్యాయం. ఎంత శిక్షణ ఇచ్చినా తరంగాన్ని మళ్ళించడం పట్టుబడని వారు ప్రతి అధ్యయనంలోనూ కొందరు ఉంటారు, అది వాళ్ళ తప్పు కాదు.

ఇరవయ్యో సెషనుకు కూడా డైరీలో కదలిక లేకపోతే ఆపేయండి. "ఇంకో పది చేస్తే తిరుగుతుంది" అనే మాట ఈ రంగంలో చాలా తేలికగా వినబడుతుంది. దానికి ఆధారంగా మీ గ్రాఫులోనే ఏదైనా చూపించమని అడగండి. మిగిలిన డబ్బూ సమయమూ పిల్లల విషయంలో తల్లిదండ్రులకు ఇచ్చే ప్రవర్తనా శిక్షణకో, పెద్దల విషయంలో ఆలోచనల, అలవాట్ల తీరును మార్చుకోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీకో మళ్ళించండి; డాక్టరు మందు సూచించి ఉంటే దాన్ని కూడా మనసు విప్పి చర్చించండి. వాటి వెనుక ఉన్న రుజువు దీని వెనుక ఉన్నదాని కన్నా బలమైనది.

మార్పు నిలకడగా కనిపిస్తుంటే ఒక్కసారిగా మానేయకుండా వారానికి ఒకటి, తర్వాత రెండు వారాలకు ఒకటి చొప్పున సెషన్లను తగ్గించుకుంటూ రండి. కార్డు, ఊపిరి సాధన ఆపవద్దు. శిక్షణ పూర్తిగా ముగిసిన మూడు నెలలకు, మళ్ళీ ఆరు నెలలకు, మొదట్లో చేసినట్టే రెండు వారాలు డైరీ రాసి, ఆ పేజీలను తొలి రెండు వారాల పేజీల పక్కన పెట్టి చూడండి. టీచరు ప్రశ్నావళినీ అప్పుడు మరోసారి నింపించండి.